నాలుగో ప్లగ్గు

ఓబిలేష్ మధ్యాహ్నం రెండూ ఇరవైకి ప్లగ్గు చేతికి తీసుకున్నాడు. రెండూ ఇరవై ఒకటికి నేల మీద పడున్నాడు. ఆ ఒక్క నిమిషంలో ఏం జరిగిందో కనుక్కోమని మరుసటి రోజు పొద్దున ఏడు గంటలకు గౌతమి నా ఇంటి తలుపు తట్టింది.

"మా ఆంజినత్తను సాయంత్రం నాలుగు గంటలకు ఎస్సై తీసకపోతాడంట అక్కా. ఆయప్పకు కరెంటు కొట్టింది ఈమె వల్లేనంట. మా అత్త ఈగను కూడా తోలతాది గానీ కొట్టదు."

గౌతమికి ఇరవై ఆరేండ్లు. కరెంటు ఆటో తోలుతుంది. ఆంజినమ్మ ఆమెకు మేనత్త, రాప్తాడు దగ్గర హైవే పక్కన ఉన్న ఛార్జింగ్ షెడ్డుకు కాపలామనిషి. ఓబిలేష్ అదే షెడ్డులో ఇంకో డ్రైవరు. పెద్దాసుపత్రిలో తెలివి లేకుండా పడుకొని ఉన్నాడు.

ఆ షెడ్డు సంగతి ముందు చెప్పాలి. మన దేశం బండ్ల పొగ తగ్గిస్తామని లోకానికంతా మాట ఇచ్చిందట. ఆ మాట ఢిల్లీ నుంచి దిగి దిగి మా పక్కకు పన్నెండు కరెంటు ఆటోలుగా వచ్చింది. పాత డీజిలు ఆటోను తుక్కుకు అప్పగించినవాళ్ళకు పది, ఆడవాళ్ళకు రెండు. అరవై మంది అర్జీ పెట్టినారు. చీటీలు తీసి పన్నెండు మందికి ఇచ్చినారు. మిగిలిన నలభై ఎనిమిది మంది రోడ్డుకు ఆ పక్క డీజిలు స్టాండులో నిలబడి ఈ పక్క షెడ్డును రోజూ చూస్తుంటారు. ఆ చూపులకే బ్యాటరీలు కాలిపోవాల్సింది.

ఇక నేను. పేరు హేమావతి. గుంతకల్లులో రైల్వే పోలీసు కానిస్టేబులుగా పద్దెనిమిదేండ్లు చేసి, మానుకొని, అనంతపురంలో మిక్సీలు రిపేరు చేసే అంగడి పైన ఒక గదిలో ఈ డిటెక్టివ్ పని పెట్టుకున్నాను. చదివింది పదో తరగతి. నాకు గొప్ప తెలివేమీ లేదు. ఉండేది ఒకటే గుణం, ఏది చూసినా ముందు చెడే తోస్తుంది. నా కొడుకు ఉదయ్ పది నిమిషాలు ఫోను ఎత్తకపోతే వాణ్ణి లారీ కింద నుంచి తీసి, ఆస్పత్రిలో చేర్చి, ఏడ్చి కూడా ముగిస్తాను. అప్పుడు వాడు ఎత్తి "నీళ్ళు పోసుకుంటాంటి మా" అంటాడు. ఈ పనిలో ఆ గుణమే నాకు అన్నం పెడుతోంది. పదిమందీ ప్రమాదం అని ముగించేచోట నాకు మనిషి చేయి కనబడుతుంది.

తొమ్మిదిన్నరకు గౌతమి ఆటోలో పెద్దాసుపత్రికి పోయినాము.

ఓబిలేష్ భార్య చంద్రిక వరండాలో గోడకు ఆనుకొని నేల మీద కూర్చొని ఉంది. ముప్పై ఏండ్లు ఉంటాయి. కండ్లు వాచినాయి. గౌతమిని దూరంగా పంపి నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"డాక్టర్లు ఏమన్నారమ్మా?"

"రేపటిదాకా ఏం చెప్పలేమన్నారు. చెయ్యి కమిలిపోయింది. గుండె ఒకతూరి ఆగి మళ్ళా కొట్టుకునిందంట."

"నిన్న ఆ టైముకు నువ్వు యాడ ఉండావు?"

"ధర్మవరంలో అక్కా. రామకృష్ణయ్య షావుకారు ఇంట్లో అచ్చు అతకడానికి పోయింటి. పొద్దున ఎనిమిదికే పోయినా."

మా పక్క వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. మగ్గం మీద పాత పట్టుపోగులు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగుల్ని వాటికి కలపాలి. అయిదారు వేల పోగులు, ఒక్కొక్కటీ విడిగా. వేళ్ళతో మెలేసి అతికేది ఎక్కువగా ఆడవాళ్ళే. ధర్మవరంలో ఆ పనికి పేరున్న చేతులు నాలుగో అయిదో ఉంటాయి. అందులో చంద్రికది ఒకటని గౌతమి దారిలో చెప్పింది.

"ఫోను ఎవరు చేసినారు?"

"ఆంజినమ్మత్త. ఆ మాట విన్నాక ఎట్లొచ్చినానో నాకే తెలీదు." కొంగుతో మూతి తుడుచుకుంది. దూరంగా నిలబడిన గౌతమిని చూసింది. "ఆ పిల్లకు బండి నేర్పింది నేనే, తెలుసా అక్కా. మా ఆయన డీజిలు ఆటో ఖాళీగా ఉన్నప్పుడు మైదానంలో తిప్పించినా. బ్రేకు యాడుంటాదో తెలీకుండె ఆమెకు. ఇప్పుడు పేపర్లో ఫోటో. పొగ లేని బండి, ధైర్యమున్న ఆడపిల్ల అని."

"నువ్వు కూడా తోలతావా?"

"తోలేదాన్ని."

అని తల గోడకు ఆనించి కండ్లు మూసుకుంది. మొగుడు లోపల అట్లా ఉంటే, ఈమె ఏ మిద్దె ఎక్కి దూకుతుందో, ఏ మాత్రలు మింగుతుందో అని నా బుర్ర అప్పుడే పరుగెత్తింది. లేచి గౌతమిని పక్కకు పిలిచినాను.

"నువ్వు నా వెంట రావద్దు. ఈడే ఉండు. ఆమెకు ఏమన్నా తినిపించు. ఏమడిగినా కాదనొద్దు. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు."

"సరే అక్కా," అంది గౌతమి.

అట్లా నేనే వదిలి వచ్చినాను.

*

షెడ్డు చేరేసరికి పన్నెండు దాటింది. రేకుల కప్పు కింద పన్నెండు ప్లగ్గులు, గోడ మీద నంబర్లు. నాలుగో నంబరు దగ్గర నేల మీద సున్నంతో గీత గీసినారు. షెడ్డు ముందర ఒక తెల్ల కారు నిలిచి ఉంది. అదీ కరెంటు కారే.

కల్పన వచ్చిందన్నమాట.

కల్పనా నేనూ ఒకే రోజు రైల్వే పోలీసులో చేరినాము. ఒకే గదిలో రెండు మంచాలు. ఒక దొంగను ఇద్దరం కలిసి ప్లాట్‌ఫారం మీద పట్టుకుంటే పతకం ఆమెకు వచ్చింది, నాకు మడమ బెణికింది. తర్వాత ఆమె లా చదివింది. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి విచారణ అధికారి. చేతిలో పలకలాంటి ఫోను, ఇస్త్రీ నలగని చీర, ఈ ఎండలో కూడా చెమట పట్టని మొగం. ఆ పతకం నాటి నుంచి, పన్నెండేండ్లుగా, ఆమెను చూసినప్పుడల్లా నా చీర కుచ్చిళ్ళు సరిగా లేవని తోస్తుంది.

"వచ్చినావా హేమావతీ. షేరాటోలోనా?"

"వంతెన కాడ దిగి నడిచొచ్చినా మేడమ్. పొగ తగ్గించల్ల గదా."

ఆమె నవ్వలేదు. "నీకు ఈడ పనేం లేదు. అయిపోయింది. నాలుగు గంటలకు ఎస్సైకి రిపోర్టు ఇస్తా. కేబులు తెగింది. కాపలామనిషి పైవాళ్ళకు చెప్పకుండా తనే అతికి టేపు చుట్టింది. కరెంటు బండి ఇనుముకు పాకింది. నిర్లక్ష్యం."

"ఆమె అతికిందని ఎవురు చూసినారు?"

"తాళంచెవి ఆమెది. షెడ్డు ఆమెది. ఇంకెవరు అతుకుతారు?"

ఆంజినమ్మ మూలన ప్లాస్టిక్ స్టూలు మీద ముడుచుకొని కూర్చొని ఉంది. అరవై దాటినాయి. "నేను అతకలేదు తల్లీ. షాకు కొడితే ట్రిప్పయ్యే మీట పనిచేయలేదని నేనే ఆ కాంట్రాక్టరుకు రెండుతూర్లు ఫోను చేసినా."

"రాసి ఇచ్చినావా?" కల్పన అడిగింది.

"నాకు రాయను రాదు."

"అదీ." కల్పన ఫోనులో ఏదో నొక్కింది. "చూడు హేమావతీ. బండి బాగలేదని పేపర్లో పడితే రేపు ఒక్కడు కూడా డీజిలు ఆటో అప్పగించడు. వచ్చే ఏడు రెండు వందల బండ్లు రావాల్సి ఉండాది ఈ జిల్లాకు. లారీలకూ బస్సులకూ ఇదే మొదటి మెట్టు. ఒక ముసలామె తప్పు అని తేలితే బండ్లు బతుకుతాయి."

"ముసలామె?"

"ఆమెకేం ఉరి వేయరు."

"ఏమమ్మా, లోకమంతా చల్లబడల్ల అని ఈమెను జైల్లో పెడతావా?"

కల్పన చూపు తిప్పుకొని ఫోను తుడుచుకుంది. ఆమె అంత చెడ్డది కాదు. అది కూడా నాకు నచ్చదు.

నేను ఆంజినమ్మను టైములు అడిగినాను. ఆమెకు గడియారం చూడటం బాగా వచ్చు. నిన్న లైను పని ఉందని పన్నెండూ నలభైకి కరెంటు తీసినారు. పన్నెండూ యాభై అయిదుకు ఆమె గేటుకు తాళం వేసి, తాళంచెవి నీళ్ళ డ్రమ్ము వెనక మొలకు తగిలించి, ఊర్లోకి అన్నానికి పోయింది. తాళంచెవి అక్కడ ఉంటుందని పన్నెండు మంది డ్రైవర్లకూ, వాళ్ళ ఇండ్లల్లో వాళ్ళకూ తెలుసు. ఒంటి గంటా యాభైకి వచ్చింది. రెండూ అయిదుకు కరెంటు వచ్చింది. రెండూ ఇరవైకి ఓబిలేష్ వచ్చి నాలుగో ప్లగ్గు తీసుకున్నాడు.

అంటే ఎవరో కరెంటు లేని టైము చూసుకొని, ఆంజినమ్మ లేని యాభై అయిదు నిమిషాల్లో లోపలికి వచ్చినారు.

కండ్లద్దాలు పెట్టుకొని కేబులు దగ్గర వంగినాను. అతుకు దగ్గర టేపు కాలి విచ్చుకుంది. లోపల రాగి తీగలు బయటికి కనబడుతున్నాయి. కల్పన ఎప్పుడో ఫోటోలు తీసుకుంది. ముట్టుకోకుండా చూసినాను.

ఎలక్ట్రీషియను తీగను అతికేది మీరు చూసే ఉంటారు. ఈ పక్క కట్టను, ఆ పక్క కట్టను కలిపి ఒక్క మెలి తిప్పి టేపు వేస్తాడు. నిమిషం పని. ఇక్కడ అట్లా లేదు. తీగ లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు ముప్పై నలభై ఉంటాయి. ఒక్కో పోగునూ ఈ పక్కది ఆ పక్కదానితో విడివిడిగా మెలేసి, మెలిని వెనక్కి వంచి, వేలితో రుద్ది అతికినారు. మూడు తీగలూ అట్లే. కానీ రంగుకు రంగు కలపలేదు. ఎర్రదాన్ని తీసుకపోయి పచ్చదానికి కలిపినారు. ఆ పచ్చది బండి ఇనుముకు పోయేది. పొరపాటున ఒకటి తారుమారు కావచ్చు. ఇంత ఓపికగా పోగు పోగూ అతికిన చేయి రంగు చూసుకోకుండా ఉండదు. కావాలనే కోసి, కావాలనే తప్పుగా అతికినారు.

ఇంకా దగ్గరికి వంగినాను. రాగి మెలికల మధ్య బూడిదరంగు పొడి.

మా అక్క కాపురం ధర్మవరంలోనే. పట్టుపోగు జారుతుందని అతికే ఆడవాళ్ళు వేలికొసలు బూడిదలో అద్దుకుంటారు. ఆ అలవాటు ఎంతవరకు పోతుందంటే, మా అక్క తెగిన పూలదండ ముడేసేటప్పుడు కూడా బూడిద కోసం చూస్తుంది. రాగికి బూడిద అక్కరలేదు. ఆ చేతికి కావాలి.

తలెత్తి చూసినాను. షెడ్డులో దేవుని పటం కింద ఇబూది గిన్నె. అందులో మూడు వేళ్ళు ముంచిన గుంట.

"ఏం దొరికింది?" వెనక నుంచి కల్పన.

"ఏం లేదు."

"నీ మొగం చూస్తే ఉన్నట్లుంది."

"నీ ఫోనులో టైములన్నీ రాసుకున్నావు గదా. ఒకతూరి చూపిస్తావా?"

"నువ్వు కనుక్కున్నది చెప్తావా?"

"ఏం కనుక్కోలేదంటి గదా."

"నా ఫోను కూడా ఖాళీదే."

చెప్పి ఉంటే అయిపోయేది. కానీ ఆమె ఫోటోలు తీసి కూడా చూడలేనిదాన్ని నేను ఉత్త కండ్లతో చూసినాను. ఎస్సై ముందర ఆమె మొగం ఎట్లా మారుతుందో చూడాలని నాకు పన్నెండేండ్ల ఆకలి. ఇంకో సంగతి కూడా ఉంది, అది భయం. ఆంజినమ్మ పుట్టిల్లు కూడా ధర్మవరమే. ఈ బూడిద మాట కల్పన చెవిన పడితే ముసలామె నిమిషంలో జైలు బండి ఎక్కుతుంది.

ఆంజినమ్మను షెడ్డు వెనక నీడకు పిలుచుకొని పోయినాను. జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, కొంగు నుంచి దారం పీకి ఇచ్చినాను.

"ఎక్కియ్యి అక్కా."

ఆమె సూదిని కంటి దగ్గర పెట్టుకొని, దూరంగా పెట్టుకొని, దారాన్ని నాలుగుతూర్లు గాల్లో గుచ్చింది. "పొర వచ్చింది కండ్లకు. ఆపరేషనుకు చీటీ రాసిచ్చినారు. నువ్వు ఎందుకు ఏడిపిస్తావు నన్ను?"

నా గుండె కొంచెం కుదుటపడింది. ఈమె వెంట్రుకలాంటి రాగి పోగు పట్టుకోలేదు.

"ఈ పన్నెండు ఇండ్లల్లో అచ్చు అతికేవాళ్ళు ఎవురుండారు?"

"చంద్రిక ఒకతే. ఎందుకు?"

నా మనసు అప్పటికే అక్కడికి పోయి వెనక్కి వచ్చింది. రెండు అడ్డాలు. ఆమె ఆ టైముకు ధర్మవరంలో ఉంది. రెండోది, ఏ ఆడది సొంత మొగుడు పట్టుకునే ప్లగ్గుకు ఇట్లా చేస్తుంది?

"ఓబిలేష్ దినమూ నాలుగో ప్లగ్గేనా?"

"కాదమ్మా. ఆయప్పది తొమ్మిది. నాలుగు మా గౌతమిది. ఆ పిల్ల దినమూ రెండుంబావుకు కరెక్టుగా వస్తాది, ధర్మవరం చీరల మూటలు దింపేసి. నిన్న దారిలో పంక్చరు. ఆయప్ప బండిలో ఛార్జి అయిపోయింది, తొమ్మిదిలో ఇంకెవరో పెట్టుకొనుండ్రి. ఖాళీగా ఉంది గదా అని నాలుగు తీసుకున్యాడు."

ఒక అడ్డం కూలిపోయింది. ఆ ప్లగ్గు ఓబిలేష్ కోసం కాదు.

"అక్కా, గౌతమికి బండి చీటీలోనే వచ్చింది గదా?"

ఆంజినమ్మ కొంచెంసేపు కాళ్ళ కింది మట్టిని చూసింది. "చీటీలో రాలేదు. చీటీలో చంద్రిక పేరు వచ్చింది. ఆడోళ్ళ లెక్కలో మొదటి చీటీ ఆమెదే. మైకులో పేరు పిలిచినారు, ఆమె లేచి నిలబడింది, అందరూ చప్పట్లు కొట్టిరి. అంతలో ఒక ఆఫీసరు కాగితం చూసి, మీ ఇంట్లో మీ ఆయనకు ముందే వచ్చిందమ్మా, ఇంటికి ఒకటే బండి, కూర్చో అన్యాడు. కింద ఉన్న పేరు గౌతమిది. అట్లొచ్చింది."

"చంద్రిక ఏమనింది?"

"ఏమంటాది. ఆమే గౌతమి బండికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టింది. ఇంటికిపోయి మొగున్ని అడిగిందంట, నీది వెనక్కి ఇచ్చెయ్, నా పేరు మీద తీసుకుందాం, తోలేది నేను తోలతా అని. ఆయప్ప నవ్వినాడంట."

చప్పట్ల మధ్య నిలబడి, మళ్ళా కూర్చోవడం. ప్లాట్‌ఫారం మీద దొంగను పట్టుకున్న రోజు నాకు తెలిసొచ్చింది అది ఎట్లుంటుందో. గౌతమి చెడ్డదైతే బాగుండు. గౌతమి మంచిది, అన్నీ నేర్పినామెను వదినా అని పిలుస్తుంది. మంచివాళ్ళ మీద పుట్టే మంటకు నీళ్ళు దొరకవు.

ఇంకొక్క అడ్డం మిగిలింది. ధర్మవరం. రామకృష్ణయ్య షావుకారుకు ఫోను చేసినాను. మోగి మోగి ఆగింది. మళ్ళా చేసినాను. మధ్యాహ్నం నిద్ర. మా అక్కకు చేసి, ఆ ఇంటికిపోయి కనుక్కోమన్నాను. "ఈ ఎండలోనా?" అని విసుక్కొని పెట్టేసింది. టైము మూడూ పది. ఆమె తేల్చేదాకా నోరు విప్పకూడదనుకున్నాను. తప్పుడు మనిషి పేరు చెప్పి కల్పన ముందర పలచన కావడం కంటే చావు మేలనిపించింది.

మూడూ యాభైకి ఎస్సై జీపు వచ్చింది. అక్క నుంచి ఫోను రాలేదు.

*

ఎస్సై చిన్నవాడు. ఎండకు అలసి ఉన్నాడు. త్వరగా ముగించి పోవాలని ఉంది. ఆడ కానిస్టేబులు ఆంజినమ్మ పక్కన పోయి నిలబడింది. ఆంజినమ్మ నా వైపు చూసింది. ఆ పొర కమ్మిన కండ్లలో నేను ఎంత కనబడినానో తెలీదు.

కల్పన ఫోను తెరిచి, కోర్టులో చదివినట్లు చదవడం మొదలుపెట్టింది. నేను వినాలని గొంతు కొంచెం పెంచింది కూడా.

"పన్నెండూ నలభై, కరెంటు నిలిచింది. రెండూ అయిదు, వచ్చింది. రెండూ ఇరవై, ప్లగ్గు పెట్టినాడు. రెండూ ఇరవై ఎనిమిది, అంబులెన్సు. రెండూ ముప్పై అయిదు, కాపలామనిషి అతని భార్యకు ఫోను చేసింది. రెండూ యాభై అయిదు, భార్య ఆస్పత్రిలో చేర్పించే ఫారం మీద సంతకం పెట్టింది. మూడూ పది..."

"ఆగు," అన్నాను.

"ఏం?"

"భార్య సంతకం. ఎన్ని గంటలకు?"

"రెండూ యాభై అయిదు. ఫారం మీద నర్సు రాసింది. ఫోటో ఉంది నా దగ్గర."

"ఫోను పోయింది రెండూ ముప్పై అయిదుకు. ఇరవై నిమిషాలు. ఆమె యాడి నుంచి వచ్చిందనుకున్నావు నువ్వు?"

"ఇంటి నుంచి. వాళ్ళ ఇల్లు ఈ రాప్తాడే గదా. ఇరవై నిమిషాలే పడుతుంది."

"ఆమె నాతో ధర్మవరం అని చెప్పింది. పొద్దున ఎనిమిది నుంచి ధర్మవరంలోనే ఉన్నానని."

ధర్మవరం నుంచి పెద్దాసుపత్రికి ఎంత తోలినా ముప్పావు గంటకు తక్కువ కాదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. ఆంజినమ్మకు కూడా.

కల్పన ఫోను కిందికి దించింది. "ఎప్పుడు చెప్పింది నీతో?"

"పొద్దున. తొమ్మిదిన్నరకు."

"మరి పన్నెండు గంటలకు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకెందుకు చూపలేదు?"

ఇద్దరమూ ఆ సున్నం గీతకు ఆ పక్క ఒకరం, ఈ పక్క ఒకరం. నాలుగు గంటలుగా సగం సగం చేతిలో పెట్టుకొని తిరిగినాము. అప్పుడు అంతా చెప్పినాను. బూడిద, పోగులు, చీటీ, చప్పట్లు. ఎస్సై గిన్నెలోని గుంటను చూసినాడు, కేబులును చూసినాడు, ఆడ కానిస్టేబులును ఆంజినమ్మ పక్క నుంచి ఇవతలికి రమ్మన్నాడు. కల్పన మొగం ఎట్లా మారుతుందో చూడాలనుకున్నాను గదా. చూసే తీరిక నాకు లేకపోయింది.

ఎందుకంటే అప్పుడు గుర్తొచ్చింది. గౌతమిని నేను ఎవరి పక్కన కూర్చోబెట్టి వచ్చినానో.

ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దన్నాను. ఏమడిగినా కాదనొద్దన్నాను. లోకంలో ఉన్న చెడంతా ఊహించేదాన్ని, చంద్రిక తనను తాను ఏం చేసుకుంటుందో అనే ఊహించినాను.

ఫోను చేసినాను. మూడోసారి మోగినప్పుడు ఎత్తింది. స్పీకరు నొక్కినాను.

"గౌతమీ, యాడుండావు?"

"బండిలో అక్కా." గొంతు మామూలుగానే ఉంది. వెనక గాలి చప్పుడు. "వదిన బిడ్డ ధర్మవరంలో అవ్వ దగ్గర ఉండాడు గదా. ఒకతూరి చూసొస్తామని ఏడ్చింది. మీరు కాదనొద్దంటిరి. అందుకే పోతాండాం."

"ఎవురు తోలతాండారు?"

"వదినే. హ్యాండిలు పట్టుకుంటే మనసు తేరుకుంటాదంట. భలే తోలతాది, నాకంటే మేలు. నేను వెనక కూర్చున్యా. షెడ్డు ముందర్నే పోయినాం అక్కా, గంట కూడా కాలే. షెడ్డు వెనక నీడలో మీ చీర కనబడింది. హారను కొట్టు వదినా అంటి. కొట్టలే."

గంట ముందర ఆ బండి షెడ్డు ముందు నుంచి చప్పుడు లేకుండా పోయింది. ఆ టైములో నేను షెడ్డు వెనక నిలబడి, కల్పనకు వినబడకుండా ఫోనులో గుసగుసలు పోతున్నాను.

"నెమ్మదిగా విను తల్లీ. ఏదో ఒకటి చెప్పి బండి ఆపమను. వాంతి వస్తాందని చెప్పు."

"ఎందుకక్కా?"

"ధర్మవరం మలుపు వచ్చిందా?"

కొంచెంసేపు గాలి ఒక్కటే వినబడింది. "మలుపు ఎప్పుడో దాటిపోయింది. అదే అడుగుదామనుకుంటాండా. వదినా, మనం ఈ పక్క ఎందుకు పోతాండాం? ఇది పెనుకొండ దారి గదా."

జవాబు గౌతమికి రాలేదు. నాకు వచ్చింది. ఫోను ముందుకు లాక్కున్న చప్పుడు, తర్వాత దగ్గరగా, తీరిగ్గా, పొద్దున వరండాలో మాట్లాడిన గొంతే.

"హేమావతక్కా. మీకు తెలిసిపోయిందని ఈ పిల్ల మొగం అద్దంలో చూస్తే తెలుస్తాండాది."

"చంద్రికా, బండి పక్కకు తియ్యి. ఓబిలేష్ బతుకుతాడు. డాక్టర్లు చెప్పినారు." అబద్ధమే. అప్పుడు నోటికి అదే వచ్చింది. "నీకు బిడ్డ ఉండాడు."

"ఆయప్ప ఆ ప్లగ్గు పట్టుకుంటాడని నాకు తెలీదక్కా." కొంచెం ఆగింది. "బండి ఎంత బాగుండాదో. చప్పుడు లేదు, పొగ లేదు. నా పేరు పిలిచినారు మైకులో. మీరు లేరు అప్పుడు. అందరూ చప్పట్లు కొట్టినారు."

కల్పన ఎస్సై భుజం పట్టుకొని జీపు వైపు తోస్తోంది. ఎస్సై వైర్‌లెస్సులో సోమందేపల్లె, సోమందేపల్లె అని ఆ దారిలో ముందున్న స్టేషనును అరిచి పిలుస్తున్నాడు. నేను ఫోను పట్టుకొని కదలలేకపోయినాను.

అప్పుడు మళ్ళా గౌతమి గొంతు వినబడింది. అరవలేదు. బండి నేర్చుకునే రోజుల్లో మైదానంలో అడిగినట్లే, మెల్లగా అడిగింది.

"వదినా, లారీలు మనకు ఎదురొస్తాండాయేమి?"

ఆ రోడ్డు మీద లారీలు ఎదురు రావు. పోయేవి ఒక పక్క, వచ్చేవి ఒక పక్క, మధ్యలో నడుము ఎత్తు గోడ. ఎదురు వస్తున్నాయంటే బండి గోడకు అవతల పక్క ఉంది.